మాల తీశాక

నర్సీపట్నం పేరు పేపర్లో కనబడిందంటే చాలాసార్లు అది గంజాయి పట్టివేత వార్తే. చింతపల్లి మన్యం నుంచి దిగే రోడ్డు ఈ ఊరి మీదుగానే మైదానంలోకి వస్తుంది మరి. ఎన్ని కిలోలు దొరికాయో, ఎందరిని పట్టుకున్నారో రాస్తారు. మత్తుకు అలవాటుపడ్డ మనిషి సంగతీ, అతని ఇంటి సంగతీ అందులో ఉండవు. చుట్టుపక్కల పల్లెల్లో ఆశా కార్యకర్తల వెంట తిరిగినప్పుడు నేను చూసింది ఆ ఇళ్లనే. అక్కడ గంజాయి కన్నా మద్యం పెట్టే బాధే ఎక్కువ.

తాగుడు మాన్పించడానికి ఇంట్లోవాళ్లకు తరచూ తట్టే ఉపాయం అయ్యప్ప మాల. 41 రోజులు చుక్క ముట్టని మనిషి, శబరిమల నుంచి వచ్చి మాల తీశాక మళ్లీ దుకాణం దారి పడతాడు. "దేవుడికిచ్చిన మాటే నిలబెట్టుకోలేదు, ఇంక డాక్టరేం చేస్తాడు" అని ఇంట్లోవాళ్లు ఆశ వదులుకుంటారు. ఒక ఆశా అక్క మాత్రం అలా అనలేదు. "అన్నాళ్లు ఉండగలిగేడు కదండీ. అప్పుడేటుందో, ఇప్పుడేటి లేదో చూడాలి" అంది.

దీక్షలో తెల్లవారుజామున స్నానం ఉంది, సాయంత్రం భజన ఉంది, కలిసి తినే భోజనం ఉంది, గురుస్వామి అజమాయిషీ ఉంది. నిన్నటిదాకా ఛీకొట్టిన వీధే "స్వామీ" అని పిలుస్తుంది. మాల తీసిన రోజున ఇవన్నీ ఒక్కసారే పోతాయి. చీకటి పడే వేళకు పని ఉండదు, తోడు ఉండదు. పట్టుదల ఎంతున్నా, పక్కన మనుషులు లేకపోతే అది ఎక్కువకాలం నిలవదని నాకు అప్పుడే అర్థమైంది.

దీక్షకు ముందూ ఒక జాగ్రత్త కావాలి. ఏళ్ల తరబడి రోజూ తాగినవాళ్లు ఉన్నపళంగా మానేస్తే రెండు మూడు రోజుల్లోనే చేతులు వణకవచ్చు, ఫిట్స్ రావచ్చు, లేనివి కనబడి కలవరించవచ్చు. గాలి సోకిందని తాయెత్తు కట్టిస్తూ కూర్చుంటే ప్రాణాపాయం. వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్లాలి.

2019లో వెలువడిన జాతీయ సర్వే ప్రకారం మద్యానికి బానిసలైన 38 మందిలో ఒక్కరికే ఏదో ఒక చికిత్స అందుతోంది. మిగతావాళ్లందరికీ డాక్టర్లు ఎక్కడి నుంచి వస్తారు? గోవాలో హానికరంగా తాగే మగవాళ్లతో, శిక్షణ పొందిన మామూలు స్థానికులే నాలుగు విడతల వరకూ మాట్లాడితే మేలు జరిగిందని 2017లో ప్రచురితమైన అధ్యయనం చూపింది. బాగా ముదిరినవాళ్లకు మందులూ డాక్టరూ తప్పనిసరి. ఆ తరవాత ఇంటికి వెళ్లి పలకరించే పని మాత్రం ఊళ్లోవాళ్లు చేయగలిగిందే.

గంజాయికి అలవాటుపడి, పోలీసులకు భయపడి దాక్కునే కుర్రాళ్లకు చెప్పాల్సిన మాట కూడా ఒకటుంది. వాడకం కేసులో గానీ, కొద్దిపాటి సరుకుతో గానీ చిక్కిన వ్యసనపరులు తమంతట తాము గుర్తింపు పొందిన ఆస్పత్రిలో చికిత్సకు వెళ్లి దాన్ని పూర్తిచేస్తే, 1985 నాటి మాదకద్రవ్యాల చట్టంలోని 64ఏ సెక్షన్ వాళ్లకు విచారణ నుంచి రక్షణ ఇస్తుంది. మత్తు మాన్పించే హెల్ప్‌లైన్ 14446కు ఫోన్ చేస్తే సలహా ఉచితం.

"మళ్లీ తాగేడు" అన్న మాట వినగానే ఆ ఇంటికి వెళ్లడం మానేస్తాం. నిజానికి వెళ్లాల్సింది ఆ రోజే. బీపీ మాత్ర ఆపేసిన మనిషిని ఎవరూ వెలివేయరు, మళ్లీ మొదలుపెట్టిస్తారు. ఈ జబ్బుకూ అంతే మర్యాద ఇద్దాం.