గండం తప్పింది... ఎవరికి?

చాలా రోజుల తర్వాత కొంచెం పొడుగ్గా రాస్తున్నాం. తీరిక చేసుకుని చదవండి.

మా ఇంట్లో ఆదివారం పూట టీవీ, పొయ్యి ఒకేసారి వెలుగుతాయి. నాన్నగారు హాల్లో కూర్చుని తెలుగు వార్తలు చూస్తుంటారు. మేమిద్దరం వంటింట్లో ఉంటాం. బొమ్మ ఆయనకి, మాట మాకు. పోయిన ఆదివారం కంద బచ్చలి కూరకి ఆవ నూరుతుంటే "బంగాళాఖాతంలో అల్పపీడనం" అన్న మాట చెవిన పడింది. చెయ్యి ఆగిపోయింది. అక్టోబరులో ఆ మాట వింటే మన బరంపురంలో ఎవరికైనా అంతే కదా!

నాన్నగారు వెంటనే రిమోట్ తీసుకుని ఒడియా ఛానల్ పెట్టారు. మా చిన్నది విసుక్కుంది. "అదే వార్త కదా తాతయ్యా, రెండుసార్లు ఎందుకు?"

"అదే తుపాను గానీ అదే వార్త కాదమ్మా" అన్నారాయన.

దానికి అర్థం కాలేదు. 2013లో అది ఇంకా పుట్టలేదు. మనలో చాలామందికి మాత్రం ఆ మాట వెనక ఏముందో తెలుసు. అయినా చెప్పుకోవాలనిపించింది.

మన ఊళ్ళో తెలుగు వినాలంటే ఒకప్పుడు విశాఖపట్నం రేడియోయే దిక్కు. తర్వాత దూరదర్శన్ వచ్చింది గానీ అందులో హిందీ, ఒడియా. కేబుల్ వచ్చాకే తెలుగు ఛానళ్ళు మన ఇళ్ళల్లోకి వచ్చాయి. ఇంట్లో ముసలివాళ్ళు ఆ రోజుల్లో ఎంత మురిసిపోయారో! సీరియల్లో అత్తగారిని తిట్టుకుంటూ చింతపండు పిక్కలు తీసేవారు. వంటల కార్యక్రమం చూసి "పప్పుచారులో ఇంత కారమా?" అని వాదన పెట్టుకునేవారు. టీవీలో మన మాట వినబడితే అది మన గురించే చెబుతున్నట్టు ఉండేది.

అక్కడే చిన్న చిక్కు ఉంది. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడినప్పుడు, మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్న మన బరంపురం ఇటు వచ్చింది. మనవాళ్ళు ఇళ్ళు మారలేదు, మాట మారలేదు. కానీ తెలుగు ఛానల్ చూపించే వాతావరణం పటం ఇచ్ఛాపురం దగ్గర ఆగిపోతుంది. ఇచ్ఛాపురం మనకి ముప్పై కిలోమీటర్ల లోపే. ఆ ముప్పై కిలోమీటర్ల అవతల ఉన్నవాళ్ళం మనం.

ఇక 2013 సంగతి. దసరా రోజులు. ఫైలిన్ అన్నారు. థాయిలాండ్ వాళ్ళు పెట్టిన పేరట, నీలం రాయి అని అర్థమట. కళింగపట్నానికీ పారాదీప్‌కీ మధ్య, గోపాలపూర్ దగ్గర తీరం దాటుతుందని వాతావరణ శాఖ ముందే చెప్పింది. గాలి గంటకు 200 కిలోమీటర్లు దాటుతుందంది. అక్టోబరు 12, శనివారం, దుర్గాష్టమి.

మొదటి రెండు రోజులూ తెలుగు ఛానళ్ళు ఉత్తరాంధ్రని గట్టిగానే హెచ్చరించాయి. శనివారం పొద్దున్నకి మాట మారింది. ఒక ఛానల్లో అమ్మాయి చిరునవ్వుతో "ఉత్తరాంధ్రకు గండం తప్పినట్టే" అంది. ఆ అమ్మాయి తప్పేమీ లేదు. తన ఊరివాళ్ళకి తను చెప్పవలసిన మాటే చెప్పింది. అదే సమయంలో ఒడియా ఛానల్లో గోపాలపూర్ బీచ్ చూపిస్తూ, జనాన్ని ఎలా తరలిస్తున్నారో చెబుతున్నారు. ఒకటే మబ్బు. ఒక భాషలో పోతోంది, ఇంకో భాషలో వస్తోంది.

మా వీధి చివర ఒక పెద్దమ్మ ఉండేది. చుట్టరికం ఏమీ లేదు, వీధంతటికీ పెద్దమ్మే. కొడుకు సూరత్‌లో మగ్గాల పనికి వెళ్ళాడు. ఆవిడ పాత పెంకుటింట్లో ఒక్కతే ఉండేది. బజారులో వంకాయలు బేరమాడడానికి ఆవిడ ఒడియా బ్రహ్మాండంగా సరిపోయేది. వార్తల ఒడియా వేరు. అందులో అల్పపీడనాన్ని లఘుచాప అంటారు, వాయుగుండాన్ని అవపాత అంటారు, తుపానుని బాత్యా అంటారు. ఆవిడకి తెలిసింది గాలివాన ఒక్కటే. అందుకని ఆవిడ తెలుగు వార్తలే వినేది.

పదిన్నరకి వెళ్ళి, "పెద్దమ్మా, మా ఇంటికొచ్చేయండి, మాది డాబా కదా" అన్నాం.

"ఎందుకూ? టీవీ వోడు గండం తప్పిందని సెప్పీసినాడు గదా! ఇంకేటి బయం? నానెక్కడికీ రాను."

అది ఆంధ్రావాళ్ళకి చెప్పిన మాట అన్నాం. "మనం తెలుగోళ్ళం కామేటి?" అంది. ఏం చెబుతాం? పటం గీసి చూపించినా ఆవిడ నమ్మేలా లేదు. ఇంతలో కరెంటు పోయింది. ఇక ఆవిడ టీవీ కొత్త మాట ఏదీ చెప్పదు. ఆవిడ దగ్గర మిగిలిన ఆఖరి మాట "గండం తప్పింది".

మధ్యాహ్నానికి వాన ముదిరింది. ఇంటికొచ్చి పొయ్యి ముందు నిలబడ్డాం. రెండు మూడు రోజులు నిలవుండే తిండి చేసుకోవాలి. ఫ్రిజ్జులో పాలు తోడు పెట్టేశాం. చోడిపిండి అంబలి కాచాం. అటుకులు, బెల్లం, మరమరాలు డబ్బాలకెత్తాం. గ్యాసు సరిపోకపోతే ఉంటుందని అటక మీద కిరసనాయిలు స్టవ్వు దింపి వత్తులు సరిచేశాం. బాల్చీలు, బిందెలు, ఆఖరికి పప్పు గిన్నెలు కూడా నీళ్ళతో నింపాం. ఇక పెద్ద తపేలాడు పులిహోర కలపాలి. అప్పుడు తట్టింది.

మళ్ళీ వెళ్ళాం. ఈసారి తుపాను మాట ఎత్తలేదు. "పెద్దమ్మా, అష్టమి పూట పులిహోర చేస్తున్నాం. ఆవ మాకు కుదరడం లేదు, చేదెక్కిపోతోంది. ఒక్కసారి వచ్చి చెయ్యి పెట్టండి" అన్నాం.

ఆవిడ లేచింది. గొడుగు తిరగబడుతుంటే ఇద్దరం చెరో చెయ్యి పట్టుకుని తీసుకొచ్చాం. మా వంటింట్లో పీట మీద కూర్చుని, ఆవాలు, ఎండుమిరపకాయలు, ఉప్పు వేసి నూరించింది. "అన్నం ఆరనేదు, ఏటి తొందర? వేడి మీద ఆవ పడితే సేదే మరి" అని మమ్మల్ని తిట్టింది. అన్నం పళ్ళెంలో ఆరే వరకూ కూర్చుంది. ఆరేసరికి నాలుగు దాటింది. అప్పటికి వీధిలో మనిషి నిలబడే గాలి కాదు.

అబద్ధమాడి తీసుకొచ్చామని ఆ సాయంత్రం మాకు కొంచెం సిగ్గుగానే ఉంది. ఇప్పుడు లేదు.

ఆ రాత్రి అది తీరం దాటింది. గోపాలపూర్ మనకి ఎంత దూరం? బండి మీద అరగంట. తలుపుకి బీరువా అడ్డం పెట్టాం. ఉత్తరం వైపు కిటికీలు అదే పనిగా కొట్టుకున్నాయి. ఎక్కడో రేకులు ఎగిరి పడుతున్న చప్పుడు. నాన్నగారి చేతిలో బ్యాటరీ రేడియో, అందులో గరగర తప్ప ఏమీ లేదు. ఒక గంట దాటాక గాలి ఒక్కసారి నెమ్మదించింది. పెద్దమ్మ చీర సర్దుకుని లేచింది. "తగ్గిపోనాది. ఇంటికెల్లి దీపం ఎట్టుకుంతాను."

నాన్నగారు తలుపుకి అడ్డంగా నిలబడ్డారు. 1999 అక్టోబరు 17 నాటి తుపానుకి ఇలాగే తగ్గిందని బయటికి వెళ్ళి దెబ్బ తిన్నవాళ్ళని ఆయన చూశారు. తుపాను నడిమధ్య ఒక కన్ను ఉంటుంది, అక్కడ గాలి ఉండదు. ఆ కన్ను దాటిపోగానే అవతలి అంచు తగులుతుంది. ఈసారి గాలి ఎదురు దిక్కు నుంచి వస్తుంది. ఆయన ఇదంతా చెప్పలేదు. "కూర్చోవే వదినా, ఇది ఊపిరి పీల్చుకుంటోందంతే" అన్నారు. కాసేపటికే దక్షిణం వైపు కిటికీ అద్దం పగిలి గదిలో పడింది. పెద్దమ్మ ఇక లేవలేదు. కొవ్వొత్తి వెలుగులో అందరం పులిహోర తిన్నాం. ఆవ ఘాటుకి కళ్ళల్లో నీళ్ళు తిరిగితే మంచిదే అయింది, ఏడుస్తున్నామో లేదో పిల్లలకి తెలియలేదు.

తెల్లారి వెళ్ళి చూస్తే ఆవిడ ఇంటి పెంకులు సగం లేవు. దూలం జారి సరిగ్గా నులకమంచం మీద పడి ఉంది. ఆవిడ చాలాసేపు ఆ మంచాన్ని చూసింది. తర్వాత అన్న మాట మాకు ఇప్పటికీ గుర్తే. "టీవీ వోడు అబద్దం సెప్పనేదు. వోడు వోడి ఊరి గురించి సెప్పినాడు. నానే నా ఊరనుకున్నాను."

మా వీధికి కరెంటు పదమూడో రోజు వచ్చింది. ఆ పదమూడు రోజులూ టీవీ లేదు. వంటిల్లు మాత్రం వీధిలోకి వచ్చేసింది. పక్కింటి ఒడియా వాళ్ళు పెద్ద డేగ్చీలో దాల్మా వండేవారు, మేం అన్నం, మాగాయ పచ్చడి పట్టుకెళ్ళేవాళ్ళం. పొద్దున్న వాళ్ళ పఖాళ, మన చద్దన్నం ఒకే అరుగు మీద. ఉల్లిపాయ, పచ్చిమిరపకాయ నంజుకుంటే రెండింటికీ తేడా ఏముంది? ఒకాయన అద్దె జనరేటర్ తెచ్చి ఇంటికి ఇంతని తీసుకుని ట్యాంకులు నింపి వెళ్ళేవాడు. ఫోన్లు కూడా అప్పుడే ఛార్జింగు.

1999 అక్టోబరు 29న పారాదీప్ దగ్గర తగిలిన మహాతుపానుకి సుమారు పదివేల మంది పోయారు. ఫైలిన్‌కి ఒడిశాలో పోయినవాళ్ళ లెక్క వంద కూడా దాటలేదు. ముందుగా దాదాపు పది లక్షల మందిని తీరం నుంచి కదిపారు కాబట్టే అది సాధ్యమైంది. అంటే మనిషిని కాపాడింది గోడలు కాదు, సమయానికి అందిన మాట, ఆ మాట విని కదిలిన కాళ్ళు. మా పెద్దమ్మకి మాట అందింది గానీ అది వేరేవాళ్ళ మాట.

సరిగ్గా ఏడాదికి, 2014 అక్టోబరు 12న, హుద్‌హుద్ విశాఖపట్నం మీద పడింది. ఈసారి ఒడియా ఛానళ్ళు కుదుటపడ్డాయి. తెలుగు ఛానళ్ళు గగ్గోలు పెట్టాయి. మన సగం మంది ఆడపిల్లలు విశాఖలోనే కదా కాపురాలు! పెద్దమ్మ మా హాల్లో కూర్చుని, ఏ ఛానల్ పెట్టినా ఒకటే అడిగింది: "గండం తప్పింది అంతే ఎవుడికి తప్పింది?" 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస దగ్గర దాటినప్పుడు ఇటూ అటూ రెండువైపులా కొట్టింది. అప్పటికి ఆవిడ లేదు. ప్రశ్న మాత్రం మా వీధిలో ఉండిపోయింది.

ఇప్పుడు హెచ్చరికలు ఫోనుకే వస్తున్నాయి. మా ఫోన్లకి వచ్చేవి ఎక్కువగా ఒడియాలోనో ఇంగ్లీషులోనో ఉంటాయి. మన పిల్లలు ఒడియా బడుల్లో చదివారు, వాళ్ళకి ఇబ్బంది లేదు. మన ఇళ్ళల్లో ఇంకా తెలుగు వార్తలే నమ్ముకున్న పెద్దవాళ్ళు ఎంతమంది ఉన్నారో ఒకసారి లెక్క వేసుకోండి. అందుకే సంఘానికి మాదొక విన్నపం. ఖర్చు లేని పని. వీధికి ఒకరు చొప్పున బాధ్యత తీసుకుందాం. తుపాను మాట వినగానే ఒడియా వార్తలు విని మూడు సంగతులు పట్టుకుందాం: ఎక్కడ తీరం దాటుతుంది, అది మన ఊరికి ఎంత దూరం, అది వచ్చే దారికి మనం కుడివైపు ఉన్నామా ఎడమవైపా. మన తీరంలో సాధారణంగా కుడివైపే గాలి, సముద్రపు పొంగు ఎక్కువ. ఈ మూడూ ఇంటింటికీ వెళ్ళి మన తెలుగులో, మన ఊరి పేరుతో చెబుదాం. "ఉత్తరాంధ్రకి" అని కాదు, "మన బరంపురానికి" అని.

చెప్పినా కదలని పెద్దవాళ్ళు ఉంటారు. వాళ్ళతో వాదన పెట్టుకోకండి. ఏ వంటకి వాళ్ళ చెయ్యి కావాలో ఆలోచించి ఆ వంట పేరు చెప్పి పిలవండి.

పోయిన ఆదివారం నాటి అల్పపీడనం బలపడలేదు. రెండు రోజులు వాన కురిసి పోయింది. కంద బచ్చలి కూర బాగానే కుదిరింది. ఆవ మాత్రం దింపి చల్లారాకే కలిపాం.

మీ ఇళ్ళల్లో ఆ రాత్రి ఏం వండారో, ఎవరిని ఎలా పిలిచి తెచ్చుకున్నారో మీరూ రాయండి. చదవాలని ఉంది.