ఇంటి లెక్కలో మన పేరు

ఇంటికి దీపము ఇల్లాలేయని మనవారు వేడుకగా చెప్పుకొందురు. కాని ప్రభుత్వమువారి చిట్టాలో నా యిల్లాలెవరు? ఒకచోట కుటుంబములో నొక తల. ఒకచోట కుమారుని పోషణలోనున్న ముదుసలి. మరియొకచోట మాత్రమే తనకుతానుగా లెక్కకువచ్చు మనిషి. కష్టకాలమున నామె చేతికి రూపాయి వచ్చుటయు రాకపోవుటయు ఈ లెక్కనుబట్టియే యుండును. కావున నీ విషయము మనము తెలిసికొనదగినది.

మా జంగారెడ్డిగూడెము మెట్టప్రాంతపు పట్టణము. పొగాకు, మొక్కజొన్న, ఆయిల్‌పామ్ పండించు పల్లెలు చుట్టునున్నవి. ఇరుగుపొరుగు స్త్రీలు కాగితము లేవైన వచ్చినచో చదివించుకొనుటకు నాయొద్దకు వచ్చుచుందురు. అట్లు వచ్చినవారిలో నొక పిన్నిగారు కలరు. ఆమె వితంతువు. ఒక్కడే కొడుకు. హైదరాబాదులో నుద్యోగము చేసికొనుచు భార్యాబిడ్డలతో నచ్చటనే యున్నాడు. అతని జీతములో నాదాయపుపన్ను కోతపడుచున్నది. అతని పేరు మాత్రము తల్లి బియ్యపుకార్డులోనే నిలిచియున్నది. ఆ కారణముచేత నామె పింఛను ఆగిపోయినది. “అమ్మాయీ, పన్ను కట్టినది వాడు, మందులు కొనుక్కోవలసినది నేను. ఈ రెండును ఒకటెట్లాయెను?” అని యామె యడిగినది. ఆ ప్రశ్న నన్ను చాల దినములు వదలలేదు.

2019లో మన రాష్ట్ర ప్రభుత్వమువారు బియ్యపుకార్డులకును పింఛనులకును ఏర్పరచిన నియమములు కుటుంబము నంతను ఒక్కటిగా జూచినవి. కుటుంబపు టాదాయము పల్లెలలో నెలకు 10,000 రూపాయలను, పట్టణములలో 12,000 రూపాయలను మించరాదు. మాగాణి 3 ఎకరములను, మెట్ట 10 ఎకరములను దాటరాదు. విద్యుత్తు వాడుక నెలకు 300 యూనిట్లకు లోబడి యుండవలెను. కుటుంబములో నెవ్వరును ఆదాయపుపన్ను కట్టువారై యుండరాదు. ఈ కడపటి నియమమే పిన్నిగారికి తగిలినది.

అదే సంవత్సరమున కేంద్ర ప్రభుత్వమువారు రైతులకు ఏటా 6,000 రూపాయలిచ్చు పి.ఎం. కిసాన్ పథకమును ఆరంభించిరి. అందును పన్ను కట్టువారికి చోటులేదు. కాని అచ్చట కుటుంబమనగా భర్త, భార్య, మైనరు బిడ్డలు మాత్రమే. పెరిగిన కొడుకు పన్ను కట్టినను తల్లి పేరనున్న పొలమునకు అడ్డురాదు. తల్లియు ఆమెయే, కొడుకును అతడే. ఒక చిట్టాలో వారొక కుటుంబము, మరియొకదానిలో వేరు కుటుంబములు!

2020లో కరోనా వచ్చి పనులు నిలిచిపోయినప్పుడును ఇట్లే జరిగినది. రాష్ట్రమువారు బియ్యపుకార్డు గల కుటుంబమునకు 1,000 రూపాయలిచ్చిరి. కేంద్రమువారు జనధన ఖాతాలుగల స్త్రీలకు ఏప్రిల్ మొదలు మూడు నెలలు నెలకు 500 రూపాయల చొప్పున వారివారి ఖాతాలలోనే వేసిరి. మొదటిది కార్డును జూచి యిచ్చినది; రెండవది స్త్రీని జూచి యిచ్చినది.

ఈ చిక్కు మనకు మాత్రమే కాదు. అమెరికాలో 2020 మార్చి నాటి చట్టముచే పెద్దవారికి 1,200 డాలర్ల వరకు సహాయ మిచ్చిరి. కాని పన్ను కాగితములో మరియొకరి పోషణలో నున్నట్లు చూపబడిన పెద్దలకు ఏమియు రాలేదు. కొడుకు పన్ను తగ్గుటకై తల్లి పేరు వ్రాసికొన్నచో, ఆ వ్రాతయే ఆమె సహాయమునకు అడ్డమయ్యెను. 2021 మార్చిలో చేసిన చట్టమున నీ లోపమును దిద్ది, పోషణలోనున్న పెద్దలకును 1,400 డాలర్లు లెక్కగట్టిరి.

ప్రజల ధనము కలిగినవారి పాలు కాకుండ జూచుట న్యాయమేయని కొందరందురు. నిజమే. కాని కొడుకు కట్టిన పన్ను అతని సంపాదనకు సాక్ష్యముగాని, ఆ సంపాదన తల్లి చేతికి వచ్చుచున్నదనుటకు సాక్ష్యము కాదు. పోషించువా డొకచోట, పోషింపబడినట్లు వ్రాయబడినది మరియొకచోట నున్నప్పుడు, ఆ వ్రాతను నమ్మి తల్లి నోటికూటిని తీసివేయుట తగునా?

స్త్రీని వేరుగా లెక్కించుట అసాధ్యమును కాదు. 2013 నాటి భూసేకరణ చట్టము వితంతువులను, విడాకులు పొందినవారిని, కుటుంబముచే విడువబడిన స్త్రీలను వేరు కుటుంబములుగా నెంచవలెనని స్పష్టముగా జెప్పినది. నిర్వాసితులకు వర్తించిన న్యాయము పింఛను అడుగు ముదుసలికి ఏల వర్తింపరాదు?

ప్రభుత్వమువారు మార్చువరకు మనము చేయదగినవి కొన్ని గలవు. ఇంటి కార్డులో నెవరెవరి పేర్లున్నవో ప్రతి స్త్రీయు స్వయముగా చదువుకొనవలెను. పెండ్లియై వేరుగా కాపురముండు బిడ్డల పేర్లు వారి కాపురపు లెక్కకు మార్పించుకొనవలెను. తన పేర బ్యాంకుఖాతా నుంచుకొని, దాని పుస్తకమును తనయొద్దనే యుంచుకొనవలెను. పింఛను ఆగినచో కారణమును నోటిమాటగా గాక వ్రాతమూలముగా నడుగవలెను. కొడుకులును పన్ను లెక్క వ్రాసికొనునప్పుడు తల్లి పేరు ఏ చిట్టాలో నున్నదో యొకసారి విచారించుట వారి ధర్మము.