మేనల్లుడి బల్లి

2019లో అమెరికాలోని మా చెల్లెలి ఇంటికి వెళ్ళినప్పుడు మేనల్లుడి గదిలో ఒక గాజుపెట్టె చూశాము. వెడల్పుకంటె ఎత్తు ఎక్కువ. లోపల కొమ్మలు, ఆకులు, ఆకుల చాటున క్రెస్టెడ్ గెకో అనే బల్లి. రెప్పలు లేవు గనుక నాలుకతోనే కన్ను తుడుచుకుంటుంది!

దీని స్వస్థలం పసిఫిక్ మహాసముద్రములోని న్యూ కలెడోనియా. అంతరించిపోయిందనుకున్న ఈ జాతి 1994లో మళ్ళీ కనబడింది.

బల్లికి వేడి కావాలని మా తలంపు. అయితే దీనికి 22 నుండి 26 డిగ్రీలే హాయి. 28 దాటితే ప్రమాదము. సాయంకాలం నీళ్ళు చిలకరిస్తే ఆకులమీది బొట్లు నాకుతుంది. దీనికోసమే తయారైన పండ్ల పొడిని నీళ్ళతో గంజిలా కలిపి రాత్రివేళ పెట్టాలి. అప్పుడప్పుడు కాల్షియం పొడి అద్దిన కీచురాళ్ళు కూడా.

ఒక రాత్రి గిన్నె పెట్టే పని మేము అడిగి తీసుకున్నాము. బల్లి మా చేతిమీదికి దూకింది. కంగారులో తోక పట్టుకున్నాము. అది ఊడి మా వేళ్ళ మధ్య గిలగిల కొట్టుకున్నది.

పిల్లవాడు ఏడ్చాడు. "ఊరుకోరా, మన ఊరి బల్లికి రాదా? దీనికీ వస్తుంది" అన్నాము.

"దీనికి రాదు, మామయ్యా."

నిజమే, ఈ జాతికి తోక మళ్ళీ మొలవదు. తెలియని సంగతి తెలిసినట్టు పలకడం మాకు అలవాటైపోయింది కాబోలు. ఆ పదేళ్ళవాణ్ణి క్షమించమని అడిగాము. వాడేమీ అనలేదు. మరునాటి సాయంకాలం మాత్రం నీళ్ళు చిలకరించే సీసా తెచ్చి మా చేతికిచ్చాడు.