లూన్ నది నేర్పే లెక్క

ఇంగ్లండు వాయవ్య ప్రాంతంలో, కంబ్రియా కొండలలో పుట్టిన లూన్ నది లాంకాస్టర్ నగరాన్ని ఒరసుకొని ప్రవహించి, మోర్‌కంబ్ అఖాతం వద్ద ఐరిష్ సముద్రంలో కలుస్తుంది. నగరానికి ఆ పేరు వచ్చినదే ఈ నది వలన. రాజమండ్రి వంతెనపై నుండి గోదావరిని చూచిన కళ్లకు ఇది ఒక పెద్ద కాలువ వలె తోస్తుంది. మిలీనియం వంతెనపై నిలిచి చూచినప్పుడు, ఇంత సన్నని నది ఒక నగరాన్ని చీకటిలో ముంచినదంటే నాకు నమ్మశక్యం కాలేదు.

1910 నుండి ఉన్న లెక్కల ప్రకారం, బ్రిటనులో అప్పటికి అత్యధిక వర్షపాతం గల మాసం 2015 డిసెంబరు. ఆ నెల 5వ తేదీన డెస్మండ్ తుపాను విరుచుకుపడినది. కంబ్రియాలోని హానిస్టర్ కనుమ వద్ద 24 గంటలలో 341.4 మిల్లీమీటర్ల వర్షం కురిసినది. అప్పటికే నానిన నేలలో నీరు ఇంకే అవకాశం లేకపోయినది. లాంకాస్టర్‌కు ఎగువన కేటన్ వద్ద లూన్ ప్రవాహం సెకనుకు సుమారు 1,740 ఘనపు మీటర్లకు చేరినది. ఈడెన్, టైన్ నదులు కూడ ఆ దరిదాపులకే వచ్చినవి. ఇంగ్లండు నదులలో అంతకుముందు అంతటి ప్రవాహం నమోదు కాలేదు.

మన కొలతలో అది సుమారు 61,000 క్యూసెక్కులు. 1986 ఆగస్టులో ధవళేశ్వరం వద్ద గోదావరి వరద 35 లక్షల క్యూసెక్కులు. అయితే గోదావరి పరీవాహక ప్రాంతం 3 లక్షల చదరపు కిలోమీటర్లకు పైబడినది. కేటన్‌కు ఎగువన లూన్‌కు ఉన్నది వెయ్యి లోపే. చదరపు కిలోమీటరుకు లెక్కిస్తే నాటి గోదావరి సుమారు 11 క్యూసెక్కులు, లూన్ 60కి పైగా తెచ్చినవి. వెడల్పును చూచి నదిని తక్కువగా అంచనా కట్టరాదు.

ఆ రాత్రి కేటన్ రోడ్డులోని విద్యుత్ సబ్‌స్టేషన్‌లోకి నీరు ప్రవేశించగా సరఫరా నిలిపివేయవలసి వచ్చినది. సుమారు 60 వేల గృహాలు, దుకాణాలు అంధకారంలో మునిగినవి. విద్యుత్తుతోబాటు మొబైల్ ఫోన్లు, ఇంటర్నెట్టు, కార్డు చెల్లింపులు ఆగినవి. వార్తలకు బ్యాటరీ రేడియోలే ఆధారమైనవి. ఇతర ప్రాంతాల నుండి పెద్ద డీజిల్ జనరేటర్లను తరలించవలసి వచ్చినది. వరద నీరు చేరని కొండపై ఇండ్లలో సైతం దీపం వెలగలేదు.

మన డ్రాయింగులలో 'గరిష్ఠ వరద మట్టం' అని ఒక గీత ఉంటుంది. అది ఇంతవరకు చూచిన వరదకు గుర్తే గాని, ఇకపై రానున్న వరదకు హద్దు కాదు. నదీ తీరాన స్విచ్‌గేరుకు, కంట్రోల్ గదికి పునాది మట్టం నిర్ణయించే ప్రతి ఇంజనీరు ఈ సంగతిని గుర్తుంచుకోవాలి. అక్కడ మిగిల్చిన ఒక మీటరు ఎత్తు ఖర్చుకు ఒక నగరం మూల్యం చెల్లించవలసి రావచ్చును.