తలుపు పడితేనే టేకు ఓకే!

పాతకాలం కథతో సినిమా వచ్చిందంటే చాలు, మీ చూపంతా హీరోయిన్ చీర మీదా, హీరో మీసం మీదా వుంటుంది. నా చూపు మాత్రం కారు తలుపు మీద వుంటుంది! 2018లో "మహానటి" చూసేటప్పుడు పక్కసీటు మిత్రుడు కళ్లు తుడుచుకుంటుంటే, నేను ఆ పాత కార్ల తలుపు సందులు సమానంగా వున్నాయా లేదా అని చూస్తూ కూర్చున్నాను. నవ్వకండి. ఈ పిచ్చి నాకు వారసత్వంగా వచ్చింది.

మాకు 1984 నాటి అంబాసిడర్ వుంది. నాన్న మద్రాసులో సినిమా కంపెనీల కార్లు నడిపేవారు. పరిశ్రమ హైదరాబాదుకు తరలివస్తుంటే ఆయనా వచ్చేసి బోరబండలో కాపురం పెట్టారు. 1956లో వెలసిన అమీర్‌పేట సారథీ స్టూడియోకి దగ్గరగా వుండొచ్చన్నది ఆయన లెక్క. ఆ కారు సెకండ్‌హ్యాండులో కొని, పెళ్లిళ్లకీ షూటింగులకీ అద్దెకిస్తూ నన్ను బి.ఏ. దాకా చదివించారు. అందుకే అది మా యింటికి కారు కాదు, సంపాదించి పెట్టిన పెద్దకొడుకు!

2014 మే నెలలో ఉత్తరపారా ఫ్యాక్టరీలో అంబాసిడర్ తయారీ ఆగిపోయింది. ఇక వున్నవే వున్నాయి. పీరియడ్ సినిమా తీసేవాళ్లకి అవే దిక్కు. అలా పోయిన వానాకాలం ఒక ప్రొడక్షన్ మేనేజర్ మా కారు చూడవచ్చాడు. రంగు బాగుందన్నాడు, సీట్లు బాగున్నాయన్నాడు. వెనుక తలుపు తీసి వేశాడు. పడలేదు. మళ్లీ వేశాడు. ఊహూఁ! మూడోసారి బాదితే పడింది.

"సౌండంటే తర్వాత కలుపుకుంటాం గురువుగారూ! హీరోయిన్ మూడుసార్లు తలుపు బాదితే దాన్నెక్కడ దాచుకోం?" అని, నెల గడువిచ్చి వెళ్లిపోయాడు.

అంతకన్నా పెద్ద బాధ మ్యాట్ కింద వుంది. తలుపు సందుల్లోంచి దిగిన వాన నీళ్లు అక్కడే నిలిచి నేలరేకుని తినేస్తున్నాయి. అంబాసిడర్‌కి లారీలాగా వేరే ఛాసిస్ వుండదు. బాడీయే బరువంతా మోస్తుంది. నేలా, తలుపు కింది గడపా తుప్పుపడితే కారుకి నడుం విరిగినట్టే. పాతసామాను వ్యాపారి అప్పటికే రెండుసార్లు వచ్చి బేరమాడి వెళ్లాడు. "ఇచ్చేద్దాంలేరా" అన్నారు నాన్న, కారు వైపు చూడకుండా.

విలన్ రబ్బరు కాదు!

తలుపు చుట్టూ వుండే రబ్బరు బీడింగ్ మారిస్తే సరిపోతుందని ఎవరికైనా అనిపిస్తుంది. అంతకుముందు ఒక షాపువాడు చేసిందీ అదే. లావుపాటి కొత్త బీడింగ్ అంటించాడు. దాంతో తలుపు బంతిలా వెనక్కి తన్నడం మొదలుపెట్టింది!

ఈసారి మా వీధి చివర టింకరింగ్ చేసే పెద్దాయన దగ్గరకెళ్లాం. అందరూ ఉస్తాద్ అంటారు. ఆయన రబ్బరు ముట్టుకోనేలేదు. "గది తర్వాత సార్. ముందుగాల బండిని సాఫ్ జాగల పెట్టుండ్రి" అన్నాడు. బోరబండ సందులన్నీ ఎగుడూ దిగుడే కదా! వాలులో నిలబెడితే తలుపు బరువు ఒక పక్కకి లాగుతుంది, ఏ కొలతా నిజం చెప్పదు. బస్టాపు దగ్గర చదునైన చోటు వెతికి కారు పెట్టాం.

తలుపు సగం తెరిచి, చివర పట్టుకుని పైకెత్తి చూశాడు. కటక్‌మంది. అంటే బందుల్లోని పిన్ అరిగిపోయింది. నలభై ఏళ్లుగా తలుపు బరువు మోసిన పిన్ను మరి! బందులు విప్పి, లేత్ షాపులో కొత్త పిన్నూ బుష్షూ చేయించాడు. ఆ తర్వాత కారుని జాకీతో కొద్దిగా ఎత్తించి తలుపు సందు చూశాడు. ఎత్తినప్పుడు సందు మారిందంటే కింద గడపలో సత్తువ లేదన్నమాట, అక్కడ వెల్డింగ్ పడాల్సిందే. మాది మారలేదు. నాన్న ముఖంలోకి రక్తం వచ్చింది.

ఇక తాళం కొక్కెం పట్టుకునే పట్టీ. దాన్ని పూర్తిగా విప్పేసి తలుపు వేసి చూడమన్నాడు. పట్టీ వుంటే అదే తలుపుని బలవంతంగా పైకో లోపలికో లాగి, లోపం కనబడనివ్వదట. డూప్‌ని పక్కనపెట్టి హీరోనే ఫైట్ చేయమన్నట్టు! తలుపు తనంతట తాను సరిగ్గా కూర్చున్నాకే పట్టీ బిగించాడు.

చపాతీపిండి పరీక్ష

అప్పుడొచ్చింది రబ్బరు వంతు. ఎంత లావుది కావాలి? ఉస్తాద్ మా అమ్మని చపాతీపిండి అడిగాడు! చిన్న ముద్దలు చేసి, పాత బీడింగ్ పీకేసిన చోట చుట్టూ అక్కడక్కడా పెట్టి, తలుపు మెల్లగా వేసి తీశాడు. నలిగిన ముద్ద మందమే అక్కడి అసలు సందు. రబ్బరు దానికన్నా కొంచెం లావుండి, తలుపు వేస్తే నలగాలి. మరీ లావైతే తంతుంది, పలచనైతే నీళ్లొస్తాయి. అంతే సూత్రం.

పాత జిగురంతా గీకి, తుప్పు తీసి, ప్రైమర్ పూసి ఆరనిచ్చాడు. కొత్త స్పాంజి బీడింగ్‌ని కింద మధ్యనుంచి మొదలుపెట్టి అంటించాడు. నేను సాయంపట్టి కాస్త లాగబోతే చెయ్యి తోసేశాడు. "గుంజొద్దు సార్. గుంజితే మూలల్ల పతలైతది, ఎండకి ముడుసుకపోతది." తలుపు అడుగున నీళ్లు పోయే చిన్న రంధ్రాలుంటాయి. అద్దం సందులోంచి దిగిన నీళ్లకి అవే దారి. రంగులతో మూసుకుపోయిన వాటిని తీగతో పొడిచి తెరిచాడు. లోపలి నుంచి గుప్పెడు తుప్పుమట్టి రాలింది!

చివరికి కాగితం ముక్క. రబ్బరుకీ తలుపుకీ మధ్య పెట్టి, తలుపు వేసి లాగాలి. బిగువుగా వస్తే సరే, జారివస్తే అక్కడ పట్టులేనట్టు. చుట్టూ యిరవైచోట్ల లాగాం. ఎడమ వెనుక తలుపు కింద మాత్రం సందు వెంట్రుకవాసి ఎక్కువే. ఎప్పుడో ఎవరో చేసిన వెల్డింగ్ ఫలితం. "దాన్ని గెలికితే ఇంకోటి పోతది" అని ఉస్తాద్ వదిలేశాడు. ఎక్కడ ఆగాలో తెలియడం కూడా పనితనమే మరి!

గడువు రోజున మేనేజర్ వచ్చాడు. తలుపు వేశాడు. పడలేదు! నా గుండె జారిపోయింది. నాన్న మాత్రం నింపాదిగా ముందు అద్దం రెండంగుళాలు దించారు. "కారులో గాలి పోవడానికి దారి లేదు బాబూ. ఇప్పుడు వెయ్యండి" అన్నారు. ధబ్! ఒక్కటే చప్పుడు, మెత్తగా, నిండుగా. మూడు రోజుల షూటింగుకి అక్కడికక్కడే అడ్వాన్సిచ్చాడు. పాతసామాను వ్యాపారికి నాన్నే ఫోన్ చేసి రావద్దన్నారు.

అన్నట్టు, 50 ఏళ్లు దాటి, అసలు రూపు చెడని బళ్లనే వింటేజ్ వాహనాలుగా నమోదు చేసేలా 2021లో కేంద్రం నిబంధనలు తెచ్చింది. మా అంబాసిడర్‌కి ఆ హోదా దక్కాలంటే 2034 రావాలి. అందాకా నేలరేకు పొడిగా వుంటే చాలునని మేం వానపడ్డ ప్రతిసారీ మ్యాట్ ఎత్తి చూస్తున్నాం.

మీ తాతగారి ఫియేటో అంబాసిడరో షెడ్డులో కవరు కింద పడివుందా? కొత్త బీడింగ్ కొనబోయే ముందు తలుపు చివర పట్టుకుని ఒకసారి పైకెత్తి చూడండి. రబ్బరు మెత్తబడుతుందని ఇంజనాయిలు మాత్రం పూయకండి, ఉబ్బి పాడైపోతుంది. కొత్త రబ్బరు అంటుకోకుండా కాస్త టాల్కం పౌడరు చల్లండి. ఇక చపాతీపిండి సంగతి అమ్మకి ముందే చెప్పి అడగండి. మా యింట్లో ఆ రాత్రి చపాతీలు రెండు తగ్గాయి!