సంచి కింద గిన్నె

ఆకుల అంచులు మాడడం చూసి బలం చాలలేదనుకున్నాను. నా మొదటి తప్పు అది కాదు గానీ, మొక్కల్ని చంపింది మాత్రం అదే.

మాది చేవెళ్ల వైపు. గెర్బెరా పూలు వేసిన పాలీహౌస్‌లో నేలంతా నులిపురుగు పట్టింది. అందుకే మట్టి జోలికి పోకుండా కొబ్బరి పొట్టు సంచుల్లో స్ట్రాబెర్రీ పెట్టాను. రకం వింటర్ డాన్, నాటింది అక్టోబరులో.

పొట్టును బోరు నీళ్లతో రెండుసార్లు తడిపి, కడిగేశాననుకున్నాను. పొట్టును సోడియం, పొటాషియం అంటిపెట్టుకుని ఉంటాయి. వట్టి నీళ్లకు అవి పూర్తిగా వదలవు. కాల్షియం నైట్రేట్ కలిపిన నీళ్లలో నానబెడితే కాల్షియం వాటిని నెట్టేసి ఆ చోట్లో కుదురుకుంటుంది. ఆ ఖర్చు మిగుల్చుకున్నాను. తర్వాత నేను మొక్కకిచ్చిన కాల్షియాన్ని పొట్టే పట్టేసుకుంది. లేతాకుల కొసలు నల్లబడి ముడుచుకుపోయాయి.

వెనకే ముదురాకుల అంచులు మాడాయి. ట్యాంకులో ఎరువు నీళ్ల గాఢత చూపే ఈసీ 1.2 ఉంటే 1.8కి పెంచాను. పైగా, కింద కారిపోతున్న ఎరువు నీళ్లు చూసి ప్రాణం ఒప్పక డ్రిప్ వదిలే సమయం తగ్గించాను. ఆ రెండూ కలిసి కొంప ముంచాయి.

పక్క ఊళ్లో క్యాప్సికం పండించే పెద్దాయన ఒకరోజు వచ్చాడు. ట్యాంకు వైపు చూడనే లేదు. "కిందికి కారే నీళ్లు ఎప్పుడన్న కొలిచినవా బిడ్డా?" అన్నాడు. సంచి కింద గిన్నె పెట్టాం. చాలాసేపు చుక్క పడలేదు. డ్రిప్ ఇంకా వదిలితే కొంచెం కారింది. మీటరు 4 దాటింది. స్ట్రాబెర్రీ ఉప్పుకు ఓర్వని పంట. నేలలోనైతే వేరు పక్కకు పాకి బతుకుతుందేమో, సంచిలో ఎక్కడికి పోతుంది?

పలచని నీళ్లతో రోజుల తరబడి ఉప్పు కడిగినా సగం మొక్కలు దక్కలేదు. మిగిలినవి జనవరిలో కాశాయి.

ఇప్పుడు ఇచ్చిన నీళ్లలో ఐదో వంతుకు తగ్గకుండా బయటికి కారనిస్తున్నాను. రోజూ పొద్దున గిన్నెలో నీళ్లే ముందు కొలుస్తాను. అక్కడ అంకె పెరుగుతుంటే ఎరువు ముట్టుకోను, నీళ్లు పెంచుతాను.

ఈ ఏడాది సంచులు దింపుకోబోయేవాళ్లు మొక్కలకు అడ్వాన్సు కట్టకముందే బోరు నీళ్లు పరీక్ష చేయించండి, ఈసీ మీటరు కొనండి. పొట్టు నానబెట్టే కాల్షియం నైట్రేట్ దగ్గర మాత్రం పొదుపు చేయకండి.