దాహమని అడిగేదాకా ఆగొద్దు
మా చీరాలలో ఎండ ఒక ఎత్తు, ఉక్కపోత ఒక ఎత్తు. వాడరేవు వైపునుంచి వచ్చే తేమగాలికి చెమట ఓ పట్టాన ఆరదు. చెమట ఆరితేనే కదా ఒళ్లు చల్లబడేది! 2015 వేసవిలో మన రాష్ట్రంలో వడదెబ్బకు వెయ్యిమందికి పైగా పోయారు.

ఆటలో పడ్డ పిల్లలకేమో దాహమే గుర్తుండదు. అందుకే మా మనవలు క్రికెట్ ఆడుతుంటే 20 నిమిషాలకోసారి కేకేసి కుండనీళ్లో, ఉప్పేసిన పల్చటి మజ్జిగో తాగిస్తాను. 'ఒక్క ఓవరే అమ్మమ్మా' అన్నా వినను. పొద్దున 11 నుంచి సాయంత్రం 4 దాకా బ్యాటు బీరువాలోనే!

మూత్రం ముదురు పసుపుగా వస్తే నీళ్లు చాల్లేదన్నమాట. తలనొప్పి, వాంతి అంటే వెంటనే నీడకు చేర్చాలి. మాట తడబడినా, మగతగా ఉన్నా 108కి ఫోన్ చేసి, అంబులెన్స్ వచ్చేదాకా ఒంటిమీద నీళ్లు పోస్తూ విసరాలి. స్పృహ లేనప్పుడు నోట్లో మాత్రం చుక్క కూడా పోయకూడదు.